వరుస మీద వేలు

మొన్న స్టాఫ్ రూమ్ బయట వరండాలో పన్నెండో తరగతి పిల్లలిద్దరు వాదించుకుంటున్నారు. కంప్యూటర్ ప్రాక్టికల్ రికార్డులో ఫెచ్‌వన్ రాయాలని ఒకడు, కాదు ఫెచ్‌ఆల్ రాయాలని ఇంకొకడు. ఆరో తరగతి డిక్టేషన్ పుస్తకాలు చంకలో పెట్టుకుని వెళ్తున్నదాన్ని ఆగి, "మీ టేబుల్లో ఎన్ని వరుసలున్నాయిరా? ఒక్కో వరుస దగ్గరా ఆగి చూడాల్సిన పనేమైనా ఉందా?" అని అడిగాను. ఇద్దరూ గొడవ మానేసి నా మొహంలోకి చూశారు. తెలుగు మేడమ్‌కు ఈ సంగతులెందుకు అన్నట్టుంది ఆ చూపు.

వాళ్ళను అని లాభం లేదు. ఆరేళ్ళ కిందటి వరకు నేను కూడా కర్సర్ అంటే తెర మీద మిణుకు మిణుకుమనే సన్నటి గీత అనే అనుకునేదాన్ని. దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలిసింది నా పొరపాటు వల్లే. ఆ పొరపాటు ఎవరి పేర్ల మీద జరిగిందో వాళ్ళూ మీలాంటి పిల్లలే. మూడేళ్ళకో బడి, బడికో భాష. అందుకే మీకు చెప్తున్నాను.

అప్పుడు నేను మధ్య భారతంలో ఒక కంటోన్మెంట్ ఊళ్ళో ఉన్నాను. అది నా నాలుగో పోస్టింగ్. ఆ బడిలో ఏ తరగతికి వెళ్ళినా సగం దేశం బెంచీల మీద కూర్చుని కనిపించేది. ముందు శ్రీకాకుళం, పక్కన ఇంఫాల్, వెనక లూధియానా, కిటికీ దగ్గర తిరునల్వేలి. మార్చి నెలాఖరున ఆఫీసు గుమాస్తాగారు సెలవు పెట్టి ఊరెళ్ళారు. "తెలుగు టీచరుకు పీరియడ్లు తక్కువే కదా" అని విద్యార్థుల జాబితా పని నాకు అప్పగించారు. ఈ "తక్కువే కదా" అనే మాట నేను పనిచేసిన ప్రతి బడిలోనూ విన్నాను. దాని పుణ్యమా అని లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయడం దగ్గర్నుంచి స్పోర్ట్స్ డే నాడు సున్నంతో గీతలు గీయించడం దాకా నాకు రాని పని లేదు.

జాబితా మా కంప్యూటర్ సార్ తయారు చేసిన డేటాబేస్‌లో ఉండేది. మై ఎస్‌క్యూఎల్‌లో ఒక టేబుల్. టేబుల్ అంటే మన హాజరు పట్టీ లాంటిదే అనుకోండి. నిలువుగా ఖానాలు: అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, తరగతి, బడిలో ఉన్నారా టీసీ తీసుకున్నారా అన్నది. అడ్డంగా ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస. మొత్తం 900 పైచిలుకు వరుసలు. అందులో పేరంతా ఒకే ఖానాలో ఉండేది. ఆ ఏడాది పైనుంచి వచ్చిన కొత్త ఫారంలో మాత్రం మొదటి పేరు, మధ్య పేరు, ఇంటిపేరు అని మూడు గడులు ఇచ్చారు.

"ఒక్క కమాండ్‌తో అయిపోతుంది మేడమ్," అన్నారు సార్. ఆయనది ఒడిశా. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్ళం. "మొదటి మాట అసలు పేరు, చివరి మాట ఇంటిపేరు, మిగిలింది మధ్య పేరు. అంతే కదా?"

నేను అప్పుడు ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తకుండానే "అలాగే చేయండి" అన్నాను. ఆయన అప్‌డేట్ అని మొదలుపెట్టి రెండు మూడు లైన్లు కొట్టి ఎంటర్ నొక్కారు. నా ఎర్ర పెన్ను ఇంకో తప్పు కింద గీత గీసేలోగా 900 పేర్లూ ముక్కలయ్యాయి. పాత ఖానాను తుడిచేయకుండా అలాగే ఉంచారు కాబట్టి బతికిపోయాం. ఆ జాగ్రత్త కూడా ఆయనదే, నాది కాదు.

నాలుగో రోజు ఇంటర్వెల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి నా టేబుల్ పక్కన నిలబడింది. తెలుగమ్మాయే. వాళ్ళ నాన్న సైన్యంలో హవల్దారు.

"ఏమ్మా?"

"మేడమ్, నోటీసు బోర్డు మీద లిస్టులో నా పేరు తిరగబడింది. బోర్డు రిజిస్ట్రేషన్‌కు కూడా ఇలాగే పంపిస్తారంట."

"తిరగబడడమేంటమ్మా?"

"మా ఇంటిపేరు నా పేరైంది, నా పేరు ఇంటిపేరైంది. ఇవాళ ఇంగ్లీషు పీరియడ్లో నన్ను ఇంటిపేరు పెట్టి పిలిచారు. మా ఊళ్ళో అలా పిలిస్తే మా తాతయ్య పలుకుతాడు మేడమ్."

నవ్వుతూనే చెప్పింది కానీ, చేతిలో కర్చీఫ్‌ను తెగ మెలిపెడుతోంది. తొమ్మిదో తరగతిలో పేరు ఎలా నమోదైతే పదో తరగతి సర్టిఫికెట్ మీద అలాగే వస్తుంది. ఆ సర్టిఫికెట్ మీద ఉన్న పేరునే తర్వాత అందరూ అడుగుతారు. ఆ సంగతి ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళ అక్క పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి, వాళ్ళ నాన్న సెలవు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడట.

నాకు సిగ్గేసింది. తెలుగు చెప్పేదాన్ని, మనవాళ్ళకు ఇంటిపేరు ముందొస్తుందని ఇంకొకరు చెప్పాలా? నా బ్యాంకు పాస్ పుస్తకంలో నా ఇంటిపేరే నా పేరుగా ఉంది. కౌంటర్‌లో ఆ పేరుతో పిలిస్తే లేచి వెళ్ళడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. అలా అలవాటు పడిపోయి ఉండడం వల్లే ఆ రోజు తలెత్తకుండా "అలాగే చేయండి" అనగలిగాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ కమాండ్‌ను మనందరికీ తెలిసిన పేర్ల మీద కాగితం మీదే నడిపి చూశాను. పూసర్ల వెంకట సింధు. కమాండ్ ప్రకారం ఆమె పేరు పూసర్ల, ఇంటిపేరు సింధు. పాములపర్తి వెంకట నరసింహారావు గారి పేరు పాములపర్తి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు రాధాకృష్ణన్. చదరంగం ఆడే విశ్వనాథన్ ఆనంద్ సంగతి ఇంకో రకం. విశ్వనాథన్ ఆయన తండ్రి పేరు, ఆనంద్ సొంత పేరు, ఇంటిపేరంటూ అందులో లేనే లేదు. ప్రపంచమంతా ఆయన్ని ముద్దుగా విషీ అంటుంది, అంటే తండ్రి పేరును కుదించి కొడుకును పిలుస్తున్నారన్నమాట! మణిపూర్ వెయిట్‌లిఫ్టర్ సైఖోమ్ మీరాబాయి చాను పేరులో సైఖోమ్ ఇంటిపేరు, మనకులాగే ముందుంటుంది. చివరి చాను అక్కడి ఆడపిల్లల పేర్లకు చేర్చే మాట. మా కమాండ్ దాన్ని పట్టుకుని ఇంటిపేరు చేసేస్తుంది. సిక్కుల ఇళ్ళలో అన్న పేరు చివర సింగ్, చెల్లెలి పేరు చివర కౌర్. ఒకే ఇల్లు, రెండు ఇంటిపేర్లు. మేం ఒక ప్రాంతం కొలతలు తీసుకుని ఊరందరికీ చొక్కాలు కుట్టేశామన్నమాట.

మర్నాడు పొద్దున ఇదంతా చెప్తే సార్ కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలకు ఏటా వద్దని చెప్పే పని ఇప్పుడు నేనే చేయాలి మేడమ్. కర్సర్ తెరవాలి," అన్నారు.

ఎందుకు వద్దంటారో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన నా తరగతినే వాడుకున్నారు. హోంవర్కు చేయనివాళ్ళు నిలబడండి అంటాను కదా. ఒక్క మాటకు నిలబడాల్సినవాళ్ళందరూ ఒకేసారి లేస్తారు. ఎవరు ముందు లేచారు, ఎవరు వెనక లేచారు అన్నది నాకు అనవసరం. డేటాబేస్‌తో పని చేయించుకోవాల్సిన తీరు ఇదే. ఫలానా షరతుకు సరిపడే వరుసలన్నిటికీ ఈ పని చెయ్యి అని చెప్పి ఊరుకోవాలి, ఎలా చేయాలో అది చూసుకుంటుంది. అలా కాకుండా పట్టీ తెరిచి, ఒక్కో పేరూ పిలిచి, పుస్తకం తెప్పించుకుని, చూసి, వెనక్కి పంపి, మళ్ళీ ఇంకో పేరు పిలిస్తే 40 మందికే పీరియడ్ అయిపోతుంది. లక్షల వరుసలుండే బ్యాంకుల్లో, రైల్వేల్లో అలా ఒక్కో వరుస దగ్గరికీ వెళ్ళొస్తూ ఉంటే ఎప్పటికి తెమలాలి? పైగా మన ప్రోగ్రాము కొన్ని వరుసలను తాళం వేసి పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంటే, అవే వరుసలు మార్చాల్సిన మిగతావాళ్ళు గుమ్మం దగ్గర నిలబడిపోతారు.

ఈ పద్ధతి వెనక ఒక గణితవేత్త ఉన్నాడు. ఎడ్గర్ కాడ్ అని, ఐబీఎంలో పనిచేసేవాడు. 1970లో ఆయన ఒక వ్యాసం రాశాడు. సమాచారాన్నంతా రిలేషన్లుగా, అంటే మనం చూసే టేబుళ్ళుగా, ఊహించుకోమన్నాడు. ఒక రిలేషన్ అంటే వరుసల సమితి. మీరు లెక్కల్లో చదివే సమితే. సమితిలో మొదటిది, రెండోది అని ఉండవు. అందుకే టేబుల్లో వరుసలకు తమంతట తాముగా ఒక క్రమం లేదు. ఆర్డర్ బై అని మనం అడిగితే తప్ప ఏది ముందు వస్తుందో చెప్పలేం. సార్ హిందీలో రిలేషన్, రో, రిలేషన్, రో అంటుంటే నాకు నవ్వొచ్చింది. మన భాషలో రోకీ వరుసే, చుట్టరికానికీ వరుసే. "ఆ పిల్ల నీకేం వరుస?" అని అడుగుతాం కదా. కాడ్ చెప్పిన రిలేషన్ చుట్టరికం కాదు, గణితంలో మాట. అయినా ఆ వారమంతా మేం ఒక్కో వరుసనూ పట్టుకుని "నువ్వు ఎవరి ఇంటి బిడ్డవు?" అని అడిగిన పనే చేశాం కాబట్టి, తెలుగు మాటే సరిగ్గా కుదిరిందనిపిస్తుంది నాకు.

కాడ్ ఆలోచన మీద ఐబీఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు 1974లో సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. మీరు చదివే ఎస్‌క్యూఎల్ దాని నుంచి వచ్చిందే. ఒక చిక్కు అప్పుడే ఎదురైంది. ఈ భాష అడగ్గానే గంపెడు వరుసలు ఇస్తుంది. మామూలు ప్రోగ్రాముల భాషలేమో ఒకసారికి ఒక్క వరుసనే చేతిలోకి తీసుకోగలవు. గంపకూ చేతికీ మధ్య ఏదో ఒకటి ఉండాలి. అదే కర్సర్. మీరడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులో ఇప్పుడు ఏ వరుస దగ్గరున్నామో అది గుర్తుపెట్టుకుంటుంది. ఇంకోటి ఇమ్మంటే ఒక వరుస ఇచ్చి ముందుకు జరుగుతుంది. అయిపోతే అయిపోయాయని చెప్తుంది.

మాట లాటిన్‌ది, పరుగెత్తేవాడు అని అర్థం. కాలిక్యులేటర్లు రాక ముందు ఇంజనీర్లు స్లైడ్ రూల్ అనే స్కేలుతో లెక్కలు కట్టేవారు. దాని మీద అటూ ఇటూ జరిగే, నడుమ సన్న గీత ఉన్న పారదర్శకమైన పలకను కూడా కర్సర్ అనే అనేవారు. నాకు మాత్రం వేలు గుర్తొచ్చింది. ఒకటో తరగతి పిల్లలు వాచకంలో పంక్తి కింద వేలు పెట్టుకుని చదువుతారు. వేలు లేకపోతే పంక్తి తప్పిపోతారు. కాస్త పెద్దయ్యాక "వేలు తీసి చదవరా" అని మనమే అంటాం. కానీ హాజరు తీసుకునేటప్పుడు నేను ఇప్పటికీ పట్టీ మీద వేలు పెడతాను.

ఇక పని. 900 మందినీ ఒక్కొక్కరిగా చూడాలా అని నేను బెంబేలు పడ్డాను. సార్ వద్దన్నారు. ముందు గంపతో తీయగలిగినంత తీసి, మిగిలినవాటికే వేలు పెడదామన్నారు. పిల్లవాడి పేరు చివరి మాట, తండ్రి పేరు చివరి మాట ఒకటే అయితే చాలావరకు అది ఇంటిపేరే అయి ఉంటుంది. ఆ వరుసలన్నీ ఒకే ప్రశ్నతో పక్కకు వెళ్ళిపోయాయి. అందులోనూ కుమార్, ప్రసాద్, సింగ్, రావు లాంటి చివరి మాటలను మాత్రం నమ్మకూడదని నేను పట్టుబట్టాను. రావు ఇంటిపేరు అయిన ఇళ్ళూ ఉన్నాయి, కాని ఇళ్ళూ ఉన్నాయి. చివరికి 200 పైన మిగిలాయి. వాటికి ఏ షరతూ పనికిరాదు. ఎవరినో ఒకరిని అడగాల్సిందే. మనిషి ఆగి నిర్ణయించాల్సిన చోట కర్సర్ తప్పు కాదు, అదే దాని చోటు.

సార్ పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాశారు. కనెక్షన్ తీసుకుని, దాని మీద కర్సర్ తెరిచి, ఎగ్జిక్యూట్‌తో ప్రశ్న పంపి, ఫెచ్‌వన్‌తో ఒక వరుస తెస్తుంది. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు తెర మీద చూపిస్తుంది. నేను సరైన ముక్కలు టైపు చేస్తే ఆ వరుసను మార్చి తర్వాతి దానికి వెళ్తుంది. వరుసలు అయిపోతే ఫెచ్‌వన్ నన్ అనే ఖాళీ విలువ ఇస్తుంది, ప్రోగ్రాము ఆగుతుంది. ఎక్కడ ఆపామో తెలియడానికి అడ్మిషన్ నంబరు క్రమంలో రమ్మన్నాం.

మొదటి సాయంత్రం మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. మొదటి పిల్లవాడి పేరు సరిచేసి ఎంటర్ కొట్టగానే ఎర్రగా ఏదో వచ్చింది. నేనేదో పాడు చేశాననుకుని కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను. సార్ చదివి నవ్వారు. చదవని ఫలితాలు మిగిలి ఉన్నాయని అంటోందట. అదే కనెక్షన్ మీద ఒక ప్రశ్నకు జవాబు సగంలో ఉండగా ఇంకో కమాండ్ పంపడానికి వీల్లేదు. ముందు తెమ్మన్నవి పూర్తిగా తీసుకో, తర్వాత ఇంకోటి అడుగు అని దాని పట్టు. నా మాటల్లో చెప్పాలంటే, ఒక పిల్లవాడు పాఠం చదువుతుండగా మధ్యలో ఇంకొకడిని బోర్డు దగ్గరికి పిలవడమన్నమాట. కర్సర్ తెరిచేటప్పుడే బఫర్డ్ అని చెప్తే వరుసలన్నిటినీ ముందే మన యంత్రంలోకి తెచ్చిపెట్టుకుంటుంది, ఆ మీద ఒక్కొక్కటిగా ఇస్తుంది. 200 వరుసలే కాబట్టి బరువేం కాదు. అలా మార్చారు.

రెండో సాయంత్రం జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది. ఏడున్నర దాకా కూర్చుని 60 పేర్లు సరిచేశాను. కరెంటు పోయింది. వచ్చాక తెరిచి చూస్తే ఒక్కటీ మారలేదు. 60 పేర్లూ మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ప్రోగ్రాములో కమిట్ అనే మాట చివరి పంక్తిలో మాత్రమే ఉంది. కమిట్ అనేంతవరకు మనం చేసినదంతా పెన్సిల్ రాత లాంటిది. మధ్యలో తెగిపోతే డేటాబేస్ దాన్ని చెరిపేసి పాత స్థితికి వెళ్ళిపోతుంది. నిజానికి అది మంచికే, బ్యాంకులో సగం జరిగిన లావాదేవీ నిలబడకూడదు కదా. నాకు మాత్రం ఆ రాత్రి ఆ న్యాయం రుచించలేదు. సార్ పాపం మూడుసార్లు సారీ చెప్పి, ప్రతి వరుస తర్వాతా కమిట్ పెట్టారు.

మీ కోసం ఇంకోటి. ఇది సార్ చెప్పింది. మై ఎస్‌క్యూఎల్‌లోనే ప్రొసీజర్ రాసి అందులో కర్సర్ పెడితే, వరుసలు అయిపోయాయన్న సంగతి చివరి వరుస తీసుకున్నప్పుడు తెలియదు. దాని తర్వాత ఇంకోటి అడిగి, లేదనిపించుకున్నప్పుడు తెలుస్తుంది. ఫెచ్ చేసిన వెంటనే అయిపోయిందా అని చూసుకోకపోతే, చేతిలో ఉన్న పాత చివరి వరుస మీదే ఇంకోసారి పని జరిగిపోతుంది. ఆయన దగ్గర చదివిన ఒక కుర్రవాడి ప్రాజెక్టులో రోల్ నంబర్లలో ఆఖరి పిల్లకు ఎప్పుడూ రెండు ఫీజు రసీదులు వచ్చేవట. ఇంటిపేరు అక్షరాన్ని బట్టి ఎప్పుడూ చివరే ఉండేవాళ్ళకు ఇదో అదనపు బాధ!

పేర్ల కోసం పిల్లలను నేను జీరో పీరియడ్‌లో ఒక్కొక్కరినే పిలిచేదాన్ని. చిన్నపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నలకు ఫోను. ఆ పది రోజుల్లో నేను తెలుసుకున్నది ఏ శిక్షణ తరగతిలోనూ తెలుసుకోలేదు. తమిళ పిల్లవాడికి ఒకే ఒక్క పేరు, ముందు ఒక అక్షరం. "ఆ అక్షరం మా నాన్న" అన్నాడు. మణిపూర్ అమ్మాయి వాళ్ళ నాన్నను అడిగితే, ఇంటిపేరు ముందే ఉండాలి, వెనక పెడితే చదివేవాళ్ళకు మేమెవరమో తెలియదన్నాడు. ఒకతను, ఇంటిపేరు చెప్తే కులం అడుగుతారని తన తండ్రి కావాలనే వదిలేశాడని, ఆ గడి ఖాళీగానే ఉంచమని మెల్లగా చెప్పాడు. నేను మళ్ళీ అడగలేదు. ఆ వరుస దగ్గర ఖాళీ ఉంచి ముందుకు జరిగాం. ఫారం ఖాళీ ఒప్పుకోకపోతే ఏం చేయాలని సార్ అడిగారు. ప్రిన్సిపాల్‌ను అడుగుదామన్నాను. ఆయన ఒక చుక్క పెట్టమన్నారు. పెట్టాం.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి వరుస వచ్చినప్పుడు తననే నా పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వే టైపు చెయ్యి తల్లీ" అన్నాను. పాత బడి టీసీలో, ఆధార్‌లో ఎలా ఉందో కాగితాలు తెచ్చింది. రెండూ చూసుకుంటూ ఒక్కో అక్షరం నొక్కింది. రిజిస్ట్రేషన్‌కు ఇంకా గడువుంది కాబట్టి అక్కడ చిక్కు రాలేదు.

ఎంటర్ నొక్కి లేవబోతూ ఆగింది. "మేడమ్, మా పక్క క్వార్టర్ తమ్ముడిది ఏం చేశారు?"

"ఎవరు? ఏ తరగతి?"

"సెవెంత్ మేడమ్. శ్రీకాకుళం వాళ్ళు. పోయిన వారమే టీసీ తీసుకుని వెళ్ళిపోయారు కదా."

నేను సార్ వంక చూశాను. సార్ తెర వంక చూశారు. మా ప్రశ్నలో ప్రస్తుతం బడిలో ఉన్నవాళ్ళు అనే షరతు ఉంది. కర్సర్ మనం అడిగిన వరుసల మీదే నడుస్తుంది. అడగని వరుస పక్కనుంచి పోయినా దానికి తెలియదు. ఆ పిల్లవాడి పేరు తప్పుగా తెగిన రోజున అతను బడిలో ఉన్నాడు. మేం సరిచేయడం మొదలుపెట్టేసరికి లేడు. ఈ మధ్యలో టీసీ అచ్చయింది. అదీ కొత్త ఖానాల నుంచి. షరతు మార్చి, ఆ రోజు తర్వాత టీసీ తీసుకున్నవాళ్ళను అడిగితే రెండు వరుసలు వచ్చాయి. ఒకటి సరిగానే ఉంది. రెండోది అతనిది.

ఫారంలో ఉన్న ఫోను నంబరు పనిచేయలేదు. ఊరు మారగానే నంబరు మార్చేస్తారని మీకు తెలుసు. చివరికి అమ్మాయి వాళ్ళ అమ్మగారి దగ్గర దొరికింది. క్వార్టర్లలో ఆడవాళ్ళ దగ్గర ఉండే నంబర్లు ఏ డేటాబేస్‌లోనూ ఉండవు. వాళ్ళు అస్సాం వెళ్ళారు. రాత్రి ఎనిమిదింటికి వాళ్ళ నాన్న దొరికాడు. ఎవరు మాట్లాడుతున్నదీ చెప్పి, టీసీలో పేరు గురించి మొదలుపెట్టగానే, "అయ్యో, అదా మేడమ్ సంగతి!" అన్నాడు.

కొత్త బడిలో టీచరుగారు కబురు పెట్టారట. హాజరు పిలిస్తే మీవాడు పలకడం లేదు, రెండు మూడుసార్లు పిలిచినా తలెత్తడు, ఒకసారి చెవులు చూపించండి అని. ఇతను సెలవు అడిగి పిల్లవాడిని మిలిటరీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఇంటిపేరుతో పిలుస్తుంటే ఎవరినో అనుకున్నాడు పాపం. రెండో రోజుకు తననే అని అర్థమైంది కానీ, కొత్త ఊళ్ళో, రాని భాషలో, నా పేరు అది కాదండీ అని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. ఆబ్సెంట్లు పడుతూనే ఉన్నాయి.

"మీరేం అనుకోకండి, తప్పు నాదేనండీ" అన్నాను. అతను అదేం లేదు, అదేం లేదంటూనే ఉన్నాడు. నాకు అదింకా కష్టంగా ఉంది.

పాత టీసీ రద్దు చేసి కొత్తది ఇవ్వడానికి దరఖాస్తు, ప్రిన్సిపాల్ సంతకం, రిజిస్టర్‌లో ఎర్ర సిరా గీత, అన్నీ రెండు రోజుల్లో చేయించాను. ఆ ఒక్క పని విషయంలో "తెలుగు టీచరుకు పీరియడ్లు తక్కువే" అన్నవాళ్ళు నాకు మేలే చేశారు. టీసీతో పాటు అక్కడి క్లాసు టీచరుకు హిందీలో ఒక ఉత్తరం రాశాను: పిల్లవాడి పేరు ఇది, ఇంట్లో పిలిచేదీ ఇదే, ముందున్నది వాళ్ళ ఇంటిపేరు, పొరపాటు మా బడిది. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

మూడు వారాలకు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. అందిందని, హాజరు పట్టీలో మార్చారని చెప్పి, "ఇదిగో మేడమ్, వీడు మాట్లాడతాడట" అని పిల్లవాడికి ఇచ్చాడు. వాడు నా తరగతిలో ఎప్పుడూ ఎక్కువ మాట్లాడింది లేదు. ఇప్పుడూ అంతే. గాలి పీల్చడం తప్ప ఏమీ వినపడలేదు. సరే, నేనే మొదలుపెడదామని వాడి పేరు పెట్టి పిలిచాను.

"ప్రెజెంట్ మేడమ్," అన్నాడు.